జబ్బున్న బిడ్డకూ ఆట కావాలి
(దీర్ఘకాల జబ్బులున్న పిల్లల శిబిరాల గురించి ఈ నెల ఆరోగ్య పాఠం)



ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మన సంఘాల్లో వి.బి.ఎస్. సందడి మొదలవుతుంది. పాటలు, కథలు, బొమ్మలు, ఆటలు, చివరి రోజు బహుమతులు. పిల్లలు ఏడాదంతా ఆ రోజుల కోసం ఎదురుచూస్తారు. అయితే ఆ రోజుల్లో కూడా ఇంటి అరుగు మీదే కూర్చుండిపోయే పిల్లలు ప్రతి ఊరిలో ఒకరిద్దరు ఉంటారు. రోజూ ఇన్సులిన్ సూది వేసుకునే పాప, నెలనెలా రక్తం ఎక్కించుకునే బాబు, ఫిట్స్ మాత్రలు వాడే పిల్లవాడు, గుండె జబ్బున్న అమ్మాయి. "ఏమన్న అయితే ఎవరు చూస్తరు?" అని పెద్దలు పంపరు. "మనకెందుకు ఆ బాధ్యత" అని నడిపేవాళ్లూ పిలవరు. ఈ నెల పాఠం ఆ పిల్లల గురించే.

మా వార్డులో జరిగిన సంగతి

కొంతకాలం క్రితం దేవరకొండ వైపు నుండి పన్నెండేళ్ల బాబును మా ఆస్పత్రికి తెచ్చారు. తల్లిదండ్రులు హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయారు. బాబు నాయనమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నాడు. రెండేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నాడు. సెలవుల్లో స్నేహితులతో కలిసి మూడు రోజుల పిల్లల శిబిరానికి వెళ్లాడు. తనకు షుగర్ ఉందని అక్కడ ఎవరికీ చెప్పలేదు. సూదులున్న సంచిని బట్టల అడుగున దాచిపెట్టాడు. మొదటి రాత్రి సూది వేసుకోలేదు. రెండో రోజూ వేసుకోలేదు. మూడో రోజు పొద్దున వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. తిండి పడలేదనుకుని నిర్వాహకులు మాత్ర ఇచ్చారు. మా దగ్గరికి వచ్చేసరికి బాబు మగతగా ఉన్నాడు. షుగర్ మిషన్ మీద అంకె రాలేదు, "హై" అని మాత్రమే వచ్చింది.

దేవుని కృప వల్ల బాబు బతికాడు. నాలుగు రోజులకు లేచి కూర్చున్నాడు. తండ్రి పరుగెత్తుకొచ్చి, "ఇగ వీన్ని ఎక్కడికీ పంపనమ్మా. బడికి పోతే సాలు" అన్నాడు. ఆయన భయాన్ని మేము తప్పుపట్టలేదు. కానీ ఇంటికి వెళ్లే రోజు బాబు మా సిస్టర్‌తో అన్న మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది. "అక్కా, అక్కడ ఇంకెవ్వరు సూది తీస్కోరు. నేనొక్కన్నే."

ఆ బాబు ప్రాణం మీదికి తెచ్చింది ఆట కాదు, శిబిరం కాదు. దాచుకోవడం. తానొక్కడే అలాంటివాడినని సిగ్గుపడడం. ఆ సిగ్గు ఇంట్లో కూర్చోబెడితే పోదు. తనలాంటి పిల్లలను చూస్తే పోతుంది. చెప్పుకునే చోటు దొరికితే పోతుంది.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైంది?

1922 జనవరి 11న కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలుడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొద్ది కాలంలోనే చనిపోయేవారు. ఇన్సులిన్ వచ్చాక బతకసాగారు. అప్పుడొక కొత్త ప్రశ్న వచ్చింది. బతికిన బిడ్డ ఎలా జీవించాలి? జీవితమంతా రోగిలాగానా, అందరు పిల్లల్లాగానా?

నాలుగేళ్లు తిరగకుండానే, 1925లో, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డాక్టర్ లెనార్డ్ వెంట్ అనే వైద్యుడు షుగర్ ఉన్న పిల్లల కోసం వేసవి శిబిరం నడిపారు. పిల్లలు ఆడుకుంటారు, పక్కనే వైద్యుడుంటాడు, సూది వేసుకోవడం అక్కడ వింత కాదు. ఈ మూడు మాటల మీదే నేటికీ ఇలాంటి శిబిరాలు నడుస్తున్నాయి.

సినిమా నటుడు పాల్ న్యూమన్ 1988లో కనెక్టికట్ రాష్ట్రంలోని ఆష్‌ఫర్డ్‌లో క్యాన్సర్, రక్త సంబంధ జబ్బులు మొదలైనవి ఉన్న పిల్లలకు ఒక శిబిరం కట్టించారు. పిల్లల కుటుంబాల నుండి ఒక్క పైసా తీసుకోరు. ఆయన 1982లో ఆహార పదార్థాల వ్యాపారం మొదలుపెట్టి దాని లాభాలను ధర్మకార్యాలకే ఇచ్చారు. ఆ శిబిరంలో డాక్టర్లు, నర్సులు, మందులు అన్నీ ఉంటాయి. కానీ పిల్లల కళ్లకు ముందుగా కనిపించేది ఆస్పత్రి కాదు, ఆట స్థలం. 1994లో ఐర్లాండ్‌లోని బారెట్స్‌టౌన్‌లో అలాంటిదే మరొకటి మొదలైంది. తరువాత ఇతర దేశాలకూ వ్యాపించాయి. న్యూమన్ 2008లో మరణించారు. ఆ పని ఆగలేదు.

మన ప్రాంతం మాటేమిటి?

ఆట చూస్తూ కూర్చునే పిల్లలు మనకు కొత్త కాదు. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల కాళ్లు వంకరపోయిన పిల్లలను పెద్దవాళ్లు ఎందరో చూశారు. తోటివాళ్లు పరుగెడుతుంటే వాళ్లు గోడకు ఆనుకుని కూర్చునేవారు. నది నీళ్లు ఇంటింటికీ వచ్చాక ఆ కష్టం చాలావరకు తగ్గింది. కానీ "పాపం, వాడు ఆడలేడు" అని పక్కన కూర్చోబెట్టే అలవాటు మనలో మిగిలిపోయింది.

చికిత్స విషయంలో మనం చాలా ముందుకు వచ్చాం. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి విడతగా తీసుకున్న మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. పేదవారి పిల్లలకు కూడా పెద్ద ఆపరేషన్లు అందాయి. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఆ జబ్బులున్న పిల్లలకు రక్తం ఎక్కిస్తున్నది. మన జిల్లాల నుండి కూడా బస్సెక్కి హైదరాబాద్ పోయి రక్తం ఎక్కించుకుని వచ్చే పిల్లలున్నారు. మందు దగ్గరైంది, ఆపరేషన్ దగ్గరైంది. ఆట మాత్రం ఇంకా దూరంగానే ఉంది. దానికి పెద్ద ఆస్పత్రి అక్కరలేదు. మన సంఘం ఆవరణ, ఒక వేపచెట్టు నీడ, తెలిసిన మనిషి ఒకరు ఉంటే చాలు.

శిబిరంలో బిడ్డ ఏం నేర్చుకుంటాడు?

1. తాను ఒంటరి కాదని. తనలాగే సూది వేసుకునే మరో పిల్లను చూసిన రోజున బిడ్డ ముఖం మారడం మేము కళ్లారా చూశాము.

2. తన జబ్బును తానే చూసుకోవడం. అమ్మ వేస్తే తప్ప సూది వేసుకోని పిల్లవాడు, తనకంటే చిన్నది తానే వేసుకోవడం చూసి మర్నాడు తానూ ప్రయత్నిస్తాడు. మేము పది సార్లు చెప్పినా రాని ధైర్యం అలా వస్తుంది.

3. చేయగలిగినవి ఎన్నో ఉన్నాయని. కబడ్డీ వద్దన్నంత మాత్రాన ఆటలన్నీ వద్దని కాదు. అష్టాచెమ్మా, క్యారమ్స్, దాగుడుమూతలు, నాటిక, పాట, బొమ్మలు గీయడం ఉన్నాయి.

ఇంట్లోవాళ్లకు కూడా మేలుంది. ఏళ్ల తరబడి రాత్రిళ్లు లేచి బిడ్డను చూసుకునే తల్లికి రెండు రోజులు ఊపిరి పీల్చుకునే వీలు దొరుకుతుంది. ఎప్పుడూ "అన్నకు బాగాలేదు, అల్లరి చేయకు" అనే మాట వినే చెల్లెలి మీద కూడా మన దృష్టి పడుతుంది.

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. శిబిరం జబ్బును నయం చేయదు. జబ్బుతో బతకడం నేర్పుతుంది.

ఏ జబ్బుకు ఏ జాగ్రత్త?

షుగర్ (ఇన్సులిన్ వాడే పిల్లలు): ఆటల వల్ల షుగర్ పడిపోవచ్చు. కాబట్టి ఆటకు ముందు ఏదైనా తినిపించాలి. శిబిరం రోజుల్లో ఇన్సులిన్ మోతాదు మార్చాలా అని ముందే డాక్టరును అడగాలి. వణుకు, చెమట, ఆకలి, చిరాకు కనిపిస్తే, లేదా మిషన్‌లో 70 కంటే తగ్గితే, వెంటనే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాల తరువాత మళ్లీ చూడండి. ఇంకా తక్కువగా ఉంటే మళ్లీ ఇవ్వండి. కోలుకున్నాక బిస్కట్లో, అన్నమో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. పడుకునే ముందు తప్పక షుగర్ చూడాలి. బిడ్డ తినకపోయినా, వాంతులైనా ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే అది అజీర్తి అనుకోకండి. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకురండి.

మన ఎండలకు ఇన్సులిన్ పాడవుతుంది. ఫ్రిజ్ లేని చోట సీసాను నీళ్లు పోకుండా డబ్బాలో పెట్టి, నీళ్లున్న మట్టి కుండలో నీడన ఉంచండి. మంచు గడ్డకు తగిలేలా పెట్టకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

తలసీమియా: రక్తం ఎక్కించిన తరువాతి రోజుల్లో బిడ్డ హుషారుగా ఉంటాడు. శిబిరం ఆ రోజుల్లో పడేలా చూసుకోండి. ఒంట్లో పేరుకునే ఇనుమును తీసివేసే మాత్రలు శిబిరంలో కూడా మానకూడదు. ప్లీహం పెరిగి కడుపు ఎత్తుగా ఉన్న పిల్లలకు కబడ్డీ, కుస్తీ వంటి దెబ్బలు తగిలే ఆటలు వద్దు.

సికిల్ సెల్: నీళ్లు మాటిమాటికీ తాగించాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ, చన్నీళ్లలో ఈత, అలసిపోయే పరుగు పందేలు వద్దు. నొప్పులతో పాటు జ్వరం వస్తే ఆస్పత్రికి తేవాలి.

హీమోఫీలియా: చిన్న దెబ్బకు కూడా రక్తం ఆగదు, కీళ్లలో వాపు వస్తుంది. కాబట్టి తోసుకునే ఆటలు వద్దు. నొప్పికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

ఫిట్స్: మాత్ర వేళ తప్పకూడదు. నిద్ర చెడకూడదు. అందుకని రాత్రి కార్యక్రమాలకు కూర్చోబెట్టకండి. బావి, చెరువు, చెట్లు ఎక్కడం వద్దు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ, నోట్లో చెంచా, ఇవేవీ పెట్టకండి. ఐదు నిమిషాలలో ఆగకపోతే 108.

ఉబ్బసం: ఇన్హేలర్ బిడ్డ దగ్గరే ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు. దుమ్ము లేచే చోట, కట్టెల పొయ్యి పొగలో కూర్చోబెట్టకండి.

కీళ్లవాతం వల్ల వచ్చిన గుండె జబ్బు: మూడు వారాలకొకసారి వేసే పెన్సిలిన్ సూది తేదీ చూసుకుని పంపండి. ఎంత ఆడవచ్చో డాక్టరు చేత రాయించుకోండి.

క్యాన్సర్ చికిత్సలో ఉన్న పిల్లలు: డాక్టరు సరేనంటేనే పంపాలి. అమ్మవారు, తట్టు వంటి అంటుజబ్బులున్న పిల్లలకు దూరంగా ఉంచాలి. జ్వరం వస్తే ఆ గంటలోనే ఆస్పత్రికి బయలుదేరాలి.

హెచ్.ఐ.వి.: ఆటల వల్ల, కలిసి తినడం వల్ల ఇది ఎవరికీ అంటదు. వేరే పళ్లెం పెట్టవద్దు. మాత్ర వేళకు అందాలి. బిడ్డ సంగతి తెలియవలసిన ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పకూడదు. 2017లో వచ్చిన చట్టం ప్రకారం అనుమతి లేకుండా బయటపెట్టడం, వివక్ష చూపడం నిషిద్ధం.

వి.బి.ఎస్. నడిపేవారు చేయవలసినవి

మొదటిది, పేరు రాసుకునే రోజే తల్లిదండ్రులను పక్కకు పిలిచి, "బాబుకు ఏమైనా మందులున్నాయా అమ్మా?" అని మెల్లగా అడగండి. పదిమంది ముందు అడగవద్దు.

రెండవది, ఒక కాగితం మీద ఈ ఐదు విషయాలు రాయించుకోండి: జబ్బు పేరు, మందులు వేసే వేళ, వద్దన్న ఆటలు, ప్రమాద సూచనలు, ఫోన్ నంబర్లు. తల్లిదండ్రులు వలస పనికి పోయి ఉంటే, దగ్గరున్న పెద్దవారి నంబరు కూడా ఉండాలి. నాయనమ్మకు చదువు రాకపోతే ఆస్పత్రి చీటీని చూసి మీరే రాసుకోండి.

మూడవది, ఆ బిడ్డకు ఒక పెద్దమనిషిని అప్పగించండి. అందరి బాధ్యత అంటే ఎవరి బాధ్యతా కాదు.

నాలుగవది, ఆటలు ఉదయం పది లోపు, సాయంత్రం ఐదు తరువాత పెట్టండి. వీలైతే రాత్రి బసలుండే శిబిరాలను మే నెలలో కాక, దసరా లేదా క్రిస్మస్ సెలవుల్లో పెట్టుకోండి.

ఐదవది, సూది వేసుకోవడానికి శుభ్రమైన, నలుగురూ తొంగిచూడని చోటు ఇవ్వండి. మిగతా పిల్లలు అడిగితే అబద్ధం చెప్పకండి, భయపెట్టకండి. బిడ్డ ఒప్పుకుంటే బిడ్డ చేతనే చెప్పించండి. చెప్పడానికి మేము పిల్లలకు ఒక సంగతి గుర్తుచేస్తుంటాము. మహబూబ్‌నగర్ దగ్గరున్న పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగినప్పుడు, 2018లో అటవీ శాఖవారు ఆ మహావృక్షానికి సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. అంత పెద్ద చెట్టుకే సెలైన్ పెట్టారంటే పిల్లలు నవ్వుతారు. సూది అంటే ఉన్న సిగ్గు ఆ నవ్వులో కొంత పోతుంది.

ఆరవది, ప్రార్థన చేశాం కదా అని మందు ఆపమని ఏ బిడ్డతోనూ అనవద్దు. ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఫిట్స్ మాత్ర హఠాత్తుగా ఆపినా అంతే ప్రమాదం. ప్రార్థించండి, మందు కూడా వేయండి. మా ఆస్పత్రిలో ప్రతి పొద్దున మేము ఆ రెండూ చేస్తున్నాము.

ఎప్పుడు పంపకూడదు?

జ్వరం ఉన్నప్పుడు, ఈ మధ్యనే ఆస్పత్రిలో చేరి వచ్చినప్పుడు, మందు మోతాదు ఇంకా కుదురుకోనప్పుడు, శిబిరం దగ్గర ఫోన్ గానీ బండి గానీ అందుబాటులో లేనప్పుడు పంపవద్దు. ఆ ఏడు కాకపోతే మరుసటి ఏడు. రాత్రి బస చేయించే ధైర్యం లేకపోతే, ముందు ఒక పూట పంపండి. తరువాత ఒక రోజు. మెల్లమెల్లగా బిడ్డకూ మీకూ అలవాటవుతుంది.

ఆ బాబు తరువాత ఏమయ్యాడు?

ఆ ఏడు క్రిస్మస్ సెలవుల్లో మా ఆస్పత్రి ఆవరణలోనే షుగర్ ఉన్న ఏడుగురు పిల్లలను ఒక రోజుకు పిలిచాము. తండ్రి పంపడేమో అనుకున్నాము. ఆయనే బండి మీద తీసుకొచ్చాడు. వదిలి వెళ్లలేదు, గేటు దగ్గరే సాయంత్రం దాకా కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఏడుగురూ ఒకే బల్ల దగ్గర వరుసగా కూర్చుని షుగర్ చూసుకున్నారు, సూదులు వేసుకున్నారు. ఎనిమిదేళ్ల పాప ఒకతె భయపడి ఏడుస్తుంటే, మన బాబే పక్కన కూర్చుని, "ఏం కాదు, సీమ కుట్టినట్టు ఉంటది, నా చెయ్యి పట్టుకో" అన్నాడు. గేటు దగ్గర నుండి తండ్రి అది చూశాడు.

తరువాతి ఎండాకాలం ఆ బాబు తమ ఊరి వి.బి.ఎస్.కు వెళ్లాడు. ఈసారి కాగితం రాసి ఇచ్చాడు. సంచిని బట్టల అడుగున పెట్టలేదు, టీచరమ్మ బల్ల మీద పెట్టాడు. రెండో రోజు ఆటల్లో షుగర్ పడిపోయి చెమటలు పట్టాయి. టీచరమ్మ కాగితం చూసి చక్కెర నీళ్లు తాగించింది. పావుగంటకు తేరుకున్నాడు. అన్నం తిని, కాసేపు కూర్చుని, సాయంత్రం పాటలకు వెళ్లాడు. అదే సంగతి ఎవరికీ తెలియకపోయి ఉంటే ఎంత పెద్దదయ్యేదో ఆలోచించండి.

పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దించిన కథను మన సండేస్కూలు పిల్లలందరూ చెప్పగలరు. మన ఊరిలో అరుగు మీద కూర్చున్న బిడ్డను తీసుకురావడానికి కప్పు విప్పే పని లేదు. ఒక కాగితం, ఒక చక్కెర డబ్బా, బాధ్యత తీసుకునే ఒక మనిషి చాలు. ఈ సెలవుల్లో మీ వీధిలో అలాంటి బిడ్డ ఎవరున్నారో చూడండి. పంపవచ్చా లేదా అన్న సందేహం ఉంటే ఆ బిడ్డ చీటీలు తీసుకుని మా ఓ.పి.కి రండి. కలిసి కూర్చుని ఆలోచిద్దాం.

కుటుంబంలో మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

1. పై సంగతిలో బాబు జబ్బును ఎందుకు దాచాడు? మన ఇంట్లో, మన సంఘంలో బిడ్డ అలా దాచుకునే పరిస్థితి ఉందా?
2. షుగర్ పడిపోయినప్పుడు కనిపించే నాలుగు గుర్తులు చెప్పండి. వెంటనే ఏం చేయాలి?
3. ఫిట్స్ వచ్చిన బిడ్డకు మనం అలవాటుగా చేసే ఏ పనులు మానుకోవాలి?
4. నడిపేవారికి ఇచ్చే కాగితంలో ఉండవలసిన ఐదు విషయాలు ఏవి? మీ బిడ్డకు మందులు ఉంటే ఈ రోజే ఆ కాగితం రాసి పెట్టండి.